సైమి బ్యాటరీ, కౌకో కారు

సైమి పానులా తన అన్న కౌకో ముక్కు పగలగొట్టింది తండ్రిని పూడ్చిన రోజున, చర్చి మెట్ల మీద, పాస్టరుగారి కళ్ళెదుట. అదే మొదటిసారి. అంటే పెద్దయ్యాక మొదటిసారి. చిన్నప్పటి లెక్కలు నా దగ్గర లేవు. కౌకో నెత్తురు కొత్త మంచు మీద చిమ్మి, ఎవరో జామ్ సీసా జారవిడిచినట్టు కనిపించింది. పాస్టరుగారు ఆ మరకను జాగ్రత్తగా దాటి కిందికి దిగి, "రండి రండి, కాఫీ చల్లారిపోతోంది" అన్నారు.

లపువా నది ఒడ్డున దెబ్బలాట ఎవరికీ వింత కాదు. పూర్వం ఇక్కడ పెళ్ళికి వెళ్ళేవాడు మొలలో కత్తి దోపుకునే వెళ్ళేవాడట. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో, కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన పద్ధతిలో, ఒకడికి నరకం గురించి చెప్పి భయపెట్టబోయాను. అక్కడ మంటలు ఎప్పటికీ ఆరవు, రాళ్ళు ఎర్రగా కాలుతుంటాయి అన్నాను. వాడు ముందుకు వంగి, "రాళ్ళ మీద నీళ్ళు పోసుకోడానికి గరిటె ఇస్తారా?" అని ఆశగా అడిగాడు. అలాంటి జనం.

అన్నాచెల్లెళ్ళ గొడవ ఒక కారు గురించి.

దాని పేరు కోర్పి, అంటే బొంతకాకి. నల్లది, వెడల్పాటిది, అమెరికాలో పుట్టింది, ఎనిమిది సిలిండర్ల ఇంజను. దాన్ని స్టార్ట్ చేస్తే ఏటి అవతలి ఆవులు పాలు దాచుకునేవి. ఒకసారి వాళ్ళ నాన్న విల్హో కాస్త గట్టిగా తొక్కితే, వెనక నడుస్తున్న నా టోపీ ఎగిరి పక్క జిల్లాలో పడింది. పోస్టులో తిరిగొచ్చింది.

ఇలాంటి బండికి ఇక్కడ వేసవి ఒక్కటే ఆయుష్షు. మంచు పడగానే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఇనుమును కొరుక్కు తింటుంది. చలికాలంలో కోర్పిని రోడ్డెక్కించడమంటే పట్టుచీర కట్టుకుని బురదలో దొర్లడమే. అందుకని ఆకులు రాలగానే దాన్ని షెడ్డులో పెట్టి, బ్యాటరీ ఊడదీసి, వప్పు పండుగ దాకా, అంటే మే ఒకటో తారీకు దాకా, నిద్రపుచ్చాలి.

విల్హో పోతూ పోతూ పొలం, పశువులు, బొచ్చు కోసం మింక్ జంతువులను పెంచిన పాత షెడ్లు కొడుకుకిచ్చాడు. ఏటి గట్టు మీది చిన్న ఇల్లు, కాల్చిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి పట్టుకునే దాని సౌనా గది, బంగాళాదుంపలు దాచే నేలకొట్టు కూతురికిచ్చాడు. కోర్పి విషయం వచ్చేసరికి ఇద్దరినీ మంచానికి చెరో పక్కన నిలబెట్టి, నన్ను కూడా పిలిపించి చెప్పాడు.

"కారు కౌకో షెడ్డులో పడుకుంటుంది. బ్యాటరీ సైమి ఇంట్లో పడుకుంటుంది. వప్పు నాడు ఊరంతా చూస్తుండగా రెండూ కలపండి. తాళం ఈ తాత తిప్పుతాడు. బ్యాటరీ చస్తే కారు కౌకోది. బ్యాటరీ బతికుండి కారు లేవకపోతే సైమిది. రెండూ బతికుంటే వేసవంతా ఇద్దరూ నడపండి, మళ్ళీ చలికాలం విడదీయండి."

నన్నే ఎందుకు ఎంచుకున్నాడంటే, ఊళ్ళో ఎవరితోనూ చుట్టరికం లేనివాణ్ణి నేనొక్కణ్ణే. బ్యాటరీ మార్చేయకుండా దాని పక్క మీద మేకుతో తన పేరు గీకాడు. దొంగతనం గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. మరిచిపోయాడని అనుకునేవాళ్ళు విల్హోను ఎరగరు.

సైమి అప్పటికి ట్రాక్టర్ క్యాబిన్లు తయారుచేసే కర్మాగారంలో వెల్డింగు చేసేది. పొట్టి మనిషి. కానీ ఆ పొట్టితనం కొండ రాయి పొట్టితనం; తగిలినవాడిదే తప్పు. పెళ్ళి ఒకసారి చేసుకుంది. మొగుడు చేపలు పట్టడానికని నార్వే వెళ్ళాడు. చేపలకు బాగా నచ్చాడేమో, తిరిగి రాలేదు. కోర్పి ఇంజనును నట్టు నట్టుగా విప్పి మళ్ళీ కూర్చింది తండ్రీ కూతుళ్ళే. అప్పుడు కౌకో పక్కన కూర్చుని బీరు తాగాడని సైమి అంటుంది. పనంతా తనే చేశానని, సైమి దీపం పట్టుకుందని కౌకో అంటాడు. పొలం పోయినందుకు ఆమె ఒక్కరోజు బాధపడలేదు. కోర్పిలో తన సగం కూడా పోతే, తండ్రి ఇంట్లో తను పుట్టినట్టే లెక్కలేదని మాత్రం ఒకసారి నాతో అంది. అని, వెంటనే, "ఎవరికైనా చెప్పావో, తాతా, నీ కాళ్ళు విరిచి పొయ్యిలో పెడతా" అంది.

ఆమె ఆ బ్యాటరీని సాకిన తీరు నేను చూశాను. మొదట నెగెటివ్ వైరు విప్పేది, తర్వాతే పాజిటివ్. వంటసోడా నీళ్ళతో పైభాగమంతా తుడిచి, పిన్నుల మీద పేరుకున్న తెల్లటి పొడిని పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది, కొంచెం వేజలీను పూసేది. మూతలు తీసి, ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసేది. నిండా చార్జి చేసి నేలకొట్టులో బంగాళాదుంపల పక్కన చెక్క పలక మీద పెట్టి, చుక్క చుక్కగా కరెంటు తాగించే చిన్న చార్జరు తగిలించేది. ఆ కొట్టు వేడెక్కదు, గడ్డకట్టదు. దుంపకీ బ్యాటరీకీ ఒకే రకం చలి నచ్చుతుందని ఆమె సిద్ధాంతం.

"నిండుగా ఉన్న బ్యాటరీని చలి ఏమీ చెయ్యలేదు తాతా," అనేది. "ఖాళీ అయిందా, నీళ్ళలా గడ్డకట్టి చస్తుంది. మనిషీ అంతే. మా అన్న బుర్ర చూడు."

మొదటి చలికాలం కౌకో ఆ నేలకొట్టు తాళం పగలగొట్టడానికి గడ్డపారతో వచ్చాడు. సైమి అప్పుడే ఏట్లో మంచు తొలిచి పట్టిన పెద్ద చేపను గుమ్మం బయట పెట్టి ఉంది. అది అప్పటికే కర్రలా బిగుసుకుపోయింది. దాని తోక పట్టుకుని తిప్పి కొట్టిన దెబ్బకు కౌకో ముందు పళ్ళు రాలిపోయాయి. మర్నాడు అదే చేపను పాలు పోసి చారు కాచి అన్నకు పంపింది. పళ్ళు లేవు కదా అని ముళ్ళన్నీ ఏరి మరీ పంపింది.

రెండో చలికాలం అతను ఆమె ఇంటికి కరెంటు వచ్చే స్తంభాన్ని ట్రాక్టరుతో గుద్ది పడగొట్టాడు. చార్జరు ఆగిపోతే బ్యాటరీ చస్తుందని లెక్క. నిండా తాగి పడుకున్న బ్యాటరీ నెలల తరబడి అలాగే ఉంటుందని అతనికి తట్టలేదు. వప్పు నాడు నేను తాళం తిప్పగానే కోర్పి గర్జించింది. ఆ గర్జనలోనే సైమి కౌకో చెవి కొరికింది. చిన్న ముక్కే పోయింది. ఆ చెవితో ఇప్పుడు వాతావరణం ముందుగా తెలుస్తుందని అతను గొప్పలు చెప్పుకుంటాడు.

మూడో చలికాలం సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. కౌకో ఒక రకంగా చెప్పాడు, సైమి మరో రకంగా చెప్పింది. రెండింటినీ కలిపి అబద్ధాలు తీసేశాను. ఇంకా ఏమైనా మిగిలి ఉంటే అవి నావి.

ఆ ఏడు చలి మనుషులను చంపడానికే దిగింది. పొగగొట్టంలోంచి వెళ్ళిన పొగ బయట చూసి, భయపడి మళ్ళీ ఇంట్లోకి వచ్చేది. ఎగురుతున్న కాకి ఒకటి మధ్యలో మనసు మార్చుకుని మిగతా దూరం నడిచి వెళ్ళడం నా కిటికీలోంచి చూశాను. ఏటి మీద మంచు పగిలినప్పుడల్లా తుపాకీ పేలినట్టు వినిపించేది.

శనివారం సాయంత్రం ఇక్కడ ఊరంతా సౌనాలో ఉంటుంది. చర్చిలో ఎలా ఉంటారో సౌనాలో అలా ఉండాలని తల్లులు పాలతో నేర్పుతారు. లోపల గట్టిగా మాట్లాడరు. సౌనాలో ఉన్న మనిషి జోలికి పగవాడు కూడా రాడు. అందుకే సైమి శనివారాలు కొట్టుకు కాపలా ఉండేది కాదు. కౌకో ఎంత దుర్మార్గుడైనా ఆ గీత దాటడని ఆమె నమ్మకం.

కౌకో దాటాడు.

గొడ్డలితో కొట్టు తలుపు చీల్చిన చప్పుడు సైమికి ఆవిరిలోంచి వినిపించింది. ఒంటి మీద నూలుపోగు లేదు. చేతిలో నీళ్ళు పోసే గరిటె. అలాగే బయటికి దూకింది. నా వంటింటి కిటికీలోంచి చూస్తే, పక్క పెరట్లో ఆవిరి మేఘం ఒకటి పరిగెడుతోంది, దాని మధ్యలో ఎర్రగా మండుతున్న సైమి. నేను కళ్ళు మూసుకున్నాను. ఒక కన్ను సరిగా మూసుకోలేదు.

కౌకో రెండు చేతులతో బ్యాటరీని పసిబిడ్డలా ఎత్తుకుని మంచు మీద నడిచే స్కూటరు వైపు పరిగెడుతున్నాడు. గరిటె మొదటి దెబ్బ మెడ మీద పడింది, రెండోది నడినెత్తిన. మూడో దెబ్బకు గరిటె విరిగింది.

"సౌనా వేళరా కుక్కా! సౌనా వేళ!"

"నాన్న చెప్పిన దాంట్లో సౌనా లేదే!"

"అమ్మ చెప్పిన దాంట్లో ఉంది! అమ్మ పాలు తాగలేదా, ఆవు పాలు తాగావా?"

చేతులు ఖాళీ లేక కౌకో బూటుకాలితో ఆమె మోకాలి మీద తన్నాడు. ఆమె పడుతూ పడుతూ అతని జుట్టు గుప్పెడు పీక్కుని పడింది. అతను బ్యాటరీని ముందు పెట్టుకుని స్కూటరును దూకించాడు. సైమి వెనక ఇనప చట్రం పట్టుకుంది. అలాగే మంచు మీద పొలం చివర దాకా ఈడ్చుకుపోయింది ఆ బండి. కంచె దగ్గర కౌకో వంకర తిప్పితే, చేతుల చర్మం ఇనుముకు అంటుకుని ఊడి, ఆమె కంచెకు కొట్టుకుంది. పక్కటెముక ఒకటి విరిగింది. లేచి, నెత్తురు కారే చేతులతో, నడిచి వెనక్కి వచ్చి, మళ్ళీ సౌనాలోకి వెళ్ళి కూర్చుంది. ఆలోచించాలంటే ఇక్కడివాళ్ళకు వేడి కావాలి.

కౌకో బ్యాటరీని తన గడ్డికొట్టంలో పెట్టి తలుపులు మూసి, ట్రాక్టరు దీపం ఒకటి దానికి తగిలించాడు. దీపం ఆరేదాకా వెలిగిస్తే బ్యాటరీ ఖాళీ. ఖాళీ అయ్యాక మిగతా పని చలి చూసుకుంటుంది. ఏం జరిగినా అది ఆ కొట్టంలో, అతనొక్కడి ముందు జరిగింది.

ఆదివారమంతా మంచు తుఫాను. ఎదురుగా చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. చెట్లు విరిగి పడుతున్నాయి. సోమవారం కూడా ఆగలేదు. ఆ గాలిలో సైమి పక్కటెముకకు తువ్వాలు బిగించి కట్టుకుని, స్కీల మీద, వీపున చెట్లు కోసే రంపం తగిలించుకుని అన్న షెడ్డు దగ్గరికి వెళ్ళింది. తలుపుకు కౌకో నాలుగు తాళాలు వేశాడు. ఆమె తలుపు జోలికే పోలేదు. గోడను కోసింది. గాలి హోరులో రంపం చప్పుడు ఎవరికీ వినిపించలేదు. లోపలికి దూరి, కోర్పి మూత ఎత్తి, ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటరు విప్పి, తువ్వాల్లో చుట్టి, కోసిన చెక్కలను మళ్ళీ గోడకు ఆనించి వచ్చేసింది. అంత మర్యాద ఉంది ఆమెలో.

అప్పుడు ఫోను చేసింది.

"ఒరేయ్ కౌకో. కోర్పి ఊపిరి నా ఒళ్ళో ఉంది."

"ఏం వాగుతున్నావే?"

"కార్బురేటరు. ఏట్లో మంచుకు చిల్లు కొట్టి ఉంచా. సాయంత్రం చీకటి పడేలోగా నా బ్యాటరీ బతికి రావాలి. రాలేదా, ఇది చేపలకి."

"అలాంటిది మళ్ళీ దొరకాలంటే అమెరికాలో ఎవడైనా చావాలే!"

"అయితే ఎవణ్ణో ఒకణ్ణి చంపుకో. నా బ్యాటరీ బతికే ఉందా?"

"ఉంది ఉంది," అన్నాడు కౌకో. ఫోను పెట్టేసి కొట్టంలోకి పరిగెత్తాడు.

బ్యాటరీ కడుపు ఉబ్బి ఉంది. లోపలి నీళ్ళు గడ్డకట్టి పక్కలు బయటికి తోశాయి. ఒక మూల సన్నటి చీలిక. కౌకో భార్య రైలి తలుపు దగ్గర నిలబడి చూసింది. రైలి నెమ్మదైన మనిషి, ఆ ఇంట్లో ఎవరినీ కొట్టని ఏకైక వ్యక్తి.

"దాన్ని ముట్టుకోకయ్యా. చీలింది. అది పోయింది."

"కరిగితే లేస్తుంది."

"లేవదు. పోయి నిజం చెప్పు."

"నిజం చెబితే కార్బురేటరు ఏట్లో పడుతుంది. నిన్ను కూడా దాని వెనకే విసురుతుంది ఆ రాక్షసి."

సారా, చెట్ల నుంచి తీసే తారు, సౌనా, ఈ మూడూ నయం చెయ్యలేని రోగానికి చావే మందని ఇక్కడ ఒక సామెత. కౌకో సారా తను తాగి, బ్యాటరీని సౌనాకు మోసుకెళ్ళాడు. పొయ్యి రాజేశాడు. మనుషులు కూర్చునే పై బెంచీ మీద, జబ్బుపడ్డ తాతను కూర్చోబెట్టినట్టు, దాన్ని కూర్చోబెట్టాడు. కింద నీళ్ళు కారడం మొదలవగానే కరిగిపోయిందనుకున్నాడు. పొలం పనులకు వాడే పెద్ద చార్జరు తెచ్చి, మీట చివరికంటా తిప్పి, బిగించాడు. చీలిన బ్యాటరీ, విరిగిన ప్లేట్లు, మండే పొయ్యి, మూసిన తలుపు. చార్జయ్యే బ్యాటరీ ఊపిరి వదులుతుందని, ఆ ఊపిరికి నిప్పు తగిలితే బాంబు అవుతుందని కౌకోకు తెలియక కాదు. ట్రాక్టర్లతో పుట్టి పెరిగినవాడు. కానీ సౌనాలో చెడు జరుగుతుందని ఆ జిల్లాలో పుట్టినవాడెవడూ ఊహించలేడు.

చీకటి పడబోతున్నా బ్యాటరీ రాకపోయేసరికి, సైమి ఒక చంకలో తువ్వాలు చుట్టిన కార్బురేటరు, మరో చేతిలో ఇనప కడ్డీతో అన్న పెరట్లోకి వచ్చింది. బ్యాటరీ తీసుకుని, ఆ తర్వాత కడ్డీతో అతని మోకాళ్ళు పగలగొట్టాలని ఆమె ఉద్దేశం. నాతో దాచుకోకుండా చెప్పింది.

అప్పుడు పేలింది.

సౌనా కిటికీ మొత్తంగా బయటికి వచ్చింది. తలుపు ఊడి సైమి భుజం పక్కనుంచి గాలిలో పోయింది. ఆ తలుపు ఈనాటికీ దొరకలేదు. పొగగొట్టం పక్కకు వాలింది. ఆ పొగలోంచి కౌకో నాలుగు కాళ్ళ మీద పాకుతూ బయటికి వచ్చాడు. మొహం నిండా ఆసిడ్. గొంతులోంచి వచ్చేది మనిషి అరుపులా లేదు. మంచులో మొహం దాచుకోవడానికి చేతులతో తవ్వుతున్నాడు.

సైమి కడ్డీ పారేసింది. కార్బురేటరు మంచు మీద పెట్టింది. అన్న కాలర్ పట్టుకుని ఆవుల కొట్టంలోకి ఈడ్చుకెళ్ళింది. ఆ చలిలో ఊరంతటికీ కుళాయి గడ్డకట్టని చోటు ఆవుల మధ్య ఒక్కటే. అతన్ని వెల్లకిలా పడేసి, ఛాతీ మీద ఎక్కి కూర్చుని, రబ్బరు పైపు మొహం మీద పెట్టింది.

"కళ్ళు తెరవరా!"

"చంపేస్తోంది! రైలీ! చంపేస్తోంది ఇది!"

"చంపేది తర్వాత. ముందు కన్ను తెరువు."

అతను తెరవలేడు. నొప్పికి చేతులు విసురుతున్నాడు. ఒక పిడికిలి వెళ్ళి సరిగ్గా ఆమె విరిగిన పక్కటెముక మీద పడింది. ఆమె కళ్ళ ముందు చీకటి కమ్మింది. మోచేత్తో అతని దవడ మీద కొట్టింది. అతను మెత్తబడ్డాడు. ఆ మెత్తబడ్డ క్షణంలో బొటనవేళ్ళతో రెప్పలు విడదీసి నీళ్ళు పట్టింది. తెలివి వచ్చి మళ్ళీ తన్నాడు, మళ్ళీ కొట్టింది. అతని బట్టలు కత్తిరించి పారేయమని రైలికి అరిచి చెప్పింది. ఆవులు తాళ్ళు తెంపుకునేలా బెదిరి అరుస్తున్నాయి. రోడ్డు మీద చెట్లు పడి అంబులెన్సు రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె పైపు తీయలేదు. చల్లటి నీళ్ళకు ఆమె చేతులు నీలం రంగుకు తిరిగాయి.

"చాలే... చాలు..." అని కౌకో ఏడ్చాడు.

"నోరుముయ్. నోట్లో కూడా పడింది. పుక్కిలించు."

ఎడమ కన్ను బతికింది. కుడి కంటికి వెలుతురు తెలుస్తుంది, అంతే. అన్ని నీళ్ళు పట్టకపోతే రెండూ పోయేవని ఆసుపత్రిలో చెప్పారు. మొహం మీద ఎవరు కొట్టారని కూడా అడిగారు. పొయ్యి పేలి మీద పడిందన్నాడు కౌకో. అదే మాట ఊళ్ళోనూ నిలబడింది.

వసంతం వచ్చింది. ఏటి మంచు పగిలి కొట్టుకుపోయింది. దానితోపాటు ఇంకో మాట ఊళ్ళో తేలింది. కౌకో తీసుకెళ్ళేసరికే ఆ బ్యాటరీ చచ్చి ఉందట, సైమి చలికాలం నడుమనే దాన్ని పోగొట్టుకుందట. కౌకో స్నేహితులు బీరు షాపులో అన్న మాట అది. కౌకో అనలేదు. కాదనీ అనలేదు. ఆ మాటే నిజమైతే సైమి తన చేతులతోనే ఓడిపోయినట్టు. అబద్ధమని చెప్పగలిగినవాడు లోకంలో ఒక్కడే. అతనికే కారు కావాలి.

"వెళ్ళి అడగరాదూ?" అన్నాను సైమితో.

"వాణ్ణా? నా సగం కోసం వాడి నోటి ముందు చెయ్యి చాపమంటావా?" అని కాఫీ కప్పు గోడకేసి కొట్టింది. అది నా కప్పు.

వప్పు నాడు ఊరంతా కౌకో పెరట్లో చేరింది. తలల మీద పండుగ పద్ధతిగా తెల్ల టోపీలు, చేతుల్లో తీపి సారాయి, చక్కెర అద్దిన గారెలు. కోర్పిని షెడ్డులోంచి తోసి తెచ్చారు. కౌకో ఒక పక్కన నిలబడ్డాడు. మొహం కుడివైపంతా కరిగిన మైనంలా ఉంది. సైమి ఒక బకెట్టు తెచ్చింది. అందులో పేలిన బ్యాటరీ, వంగిన సీసపు ప్లేట్లు, విల్హో పేరున్న ముక్క. చంకలో తువ్వాలు.

నేను పద్ధతి తప్పలేదు. బకెట్టును ఇంజను పక్కన పెట్టి, సీట్లో కూర్చుని తాళం తిప్పాను. కోర్పి చప్పుడు చెయ్యలేదు. ఒక పిచ్చుక మాత్రం అరిచింది.

"బ్యాటరీ చచ్చింది," అన్నాను.

కౌకో స్నేహితులు ఈలలు వేశారు. "అయిపోయింది! తాళం కౌకోకి ఇచ్చెయ్ తాతా!"

"ఆగండి. విల్హో మాటకు అర్థం, ఎవరి కాపుదల్లో ఉన్నది చస్తే వాళ్ళు ఓడినట్టని. అందుకని ఒక్క మాట తెలియాలి. కౌకో, నువ్వు కొట్టులోంచి ఎత్తుకెళ్ళిన రోజున అది బతికుందా, చచ్చిందా?"

"చచ్చిందే!" అని ఎవడో వెనకనుంచి అరిచాడు. "చచ్చిందని చెప్పు కౌకో!"

సైమి అన్న వైపు చూడలేదు. కౌకో ఒంటికన్నుతో బకెట్టు వైపు చూశాడు. తర్వాత నేల మీద ఉమ్మేశాడు.

"ఎవడ్రా చచ్చిందన్నది? ముందుకు రా."

ఎవడూ రాలేదు.

"దానికి ట్రాక్టరు దీపం తగిలించి కూర్చున్నా. ఆరాక పోదామని. రాత్రంతా వెలిగింది. తెల్లారినా వెలుగుతానే ఉంది. కూర్చోలేక నా నడుం పడిపోయింది. నా ట్రాక్టరుది కొత్త బ్యాటరీ, అందులో సగంసేపు కూడా వెలగదు." ఊపిరి పీల్చుకున్నాడు. "అంత బతుకున్నదాన్ని నేనే చంపాను. నా చేతుల్లోనే చచ్చింది."

పెరట్లో ఎవరూ గారె కొరకలేదు. ఆ జిల్లాలో ఒక మగవాడు నలుగురిలో తన ఓటమి ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

"అయితే కారు సైమిది," అన్నాను.

సైమి కార్బురేటరును జాగ్రత్తగా కారు ముందు సీట్లో పెట్టింది. నడుచుకుంటూ అన్న దగ్గరికి వెళ్ళింది.

"జాలి పడ్డావా నా మీద?"

"నీ మీదా? పాముల మీద పడతా గానీ..."

కొట్టింది. మొదటిసారి పగిలిన చోటే ముక్కు మళ్ళీ పగిలింది. కౌకో ఆమె జుట్టు పట్టుకుని కారు మూత మీదికి విసిరాడు. ఆమె అక్కణ్ణుంచి బూటుతో అతని పొట్టలో తన్నింది. సారాయి బల్ల విరిగింది. విడదీయబోయిన పాస్టరుగారికి కూడా ఒకటి తగిలింది; ఎవరిది తగిలిందో ఇద్దరూ నాదంటే నాదని ఇప్పటికీ పోట్లాడుకుంటారు. చివరికి ఇద్దరూ బురదలో పక్కపక్కన కూలబడి రొప్పుతుంటే, రైలి వచ్చి చెరో బకెట్టు నీళ్ళు కుమ్మరించింది.

సైమి లేచింది. కార్బురేటరు బిగించింది. పాస్టరుగారి కారులోంచి బ్యాటరీ ఊడదీసి కోర్పికి పెట్టింది. ఆయన ఏమీ అనలేదు, పెదవి వాచి ఉంది. ఈసారి తాళం నేను తిప్పలేదు, ఆమే తిప్పింది. కోర్పి రెండుసార్లు దగ్గి, మూడోసారి అరిచింది. నేల అదిరి నా కట్టుడు పళ్ళు నాకంటే ముందు నవ్వాయి.

బండి గేటు దాకా వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చింది. బురదలో కూర్చున్న కౌకో పక్కన నిలబడింది. రెండో తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.

"ఎక్కు."

"నీ కారు నువ్వు తోలుకో."

"ఎక్కుతావా, నన్ను దిగమంటావా?"

కౌకో తూలుతూ లేచి, ఎక్కాడు. తలుపు మూసుకోబోతుంటే సైమి తువ్వాలు తీసి అతని మొహాన కొట్టింది.

"ముక్కు అదుముకో. సీటు మీద చుక్క నెత్తురు పడిందో, ఆ రెండో కన్ను నేనే పీకుతా."